పలకా బలపం, శనివారం పది గంటలకు

అల్ఫారెట్టా, జార్జియా
అక్టోబర్ 9, 2021

బావకి,

రాగిణి రాయునది. ఈ కవరులో చిన్న మెమరీ కార్డు ఉంది, కాగితంతో పాటు చెత్తబుట్టలో వేసేవు, జాగ్రత్త. అందులో మూడు పాఠాలున్నాయి. మా అమ్మాయి రేణు గరాజ్‌లో తన ఫోన్‌తో తీసింది. నా వెనక కనిపించే తెల్లగోడ గోడ కాదు, దుప్పటి. మధ్యలో ఒకసారి వాషింగ్ మెషిన్ చప్పుడు వినిపిస్తుంది, క్షమించు.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని రేణు గొడవ. అంత పెద్ద ఫైలు ఫోన్‌లో పోదని చెప్పింది తనే. కార్డు పోస్టులో పంపక తప్పనప్పుడు, నాలుగు ముక్కలు రాయకుండా కవరు అంటించడం నా వల్ల కాదు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయాలి. తప్పులుంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిప్పి పంపుతాను. ఇరవై ఎనిమిదేళ్లు జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, అలవాటు పోదు.

నీ టీవీలో పిల్లలకి అక్షరాలు నేర్పమని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతున్నాను. "అమ్మమ్మా, కెన్ యూ మూవ్?" అంటోంది మనవరాలు అనిక. ఈ ఆరేళ్లలో ఆ పిల్ల నాతో మాట్లాడిన మాటల్లో అదే కాస్త పొడవైంది. నువ్వు అడగ్గానే బతిమాలించుకుందామనుకున్నాను కానీ నోరు ముందే సరేనంది. ఇప్పుడు పొద్దున్నే లేవడానికి నాకో పని ఉంది బావా. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మీ తంగేడు టీవీ డాలస్ చుట్టుపక్కల యాంటెన్నాలకి తప్ప అందదన్నావు. పోనీలే, నా ముఖం నేను చూసుకుని ఏం చేయాలి? పిల్లలు చూస్తే చాలు. రేణు ఫ్రెండ్ హాసిని, "మీ కజిన్‌కి టీవీ స్టేషన్ ఉందా ఆంటీ? సో కూల్!" అంది. కజిన్ కాదమ్మా, బావ, మా మేనమామ కొడుకు, కరీంనగర్‌లో ఒకే ఇంట్లో ఒకే పలక మీద దిద్దుకున్నాం అని చెప్పాను. ఇక్కడివాళ్లకి అందరూ కజిన్లే. నేను మాత్రం ఎవరు అలా అన్నా దిద్దకుండా వదలను.

కార్యక్రమం పేరు "పలకా బలపం" అనుకున్నాను. నచ్చకపోయినా అదే.

నీ మరదలు
రాగిణి

*

కాపెల్, టెక్సస్
నవంబర్ 14, 2021

ప్రియమైన మరదలికి,

ఎర్ర పెన్సిల్‌కి భయపడి ఈ ఉత్తరం రెండుసార్లు రాశాను. కార్డు భద్రంగా చేరింది. పేరు బ్రహ్మాండం. ప్రతి శనివారం ఉదయం పది గంటలకు, పిల్లలు పాన్‌కేకులు తింటూ టీవీ ముందు కూర్చునే వేళకి పెట్టించాను.

నువ్వు నాకెంత పెద్ద సాయం చేస్తున్నావో నీకు తెలియదు, అందుకని చెబుతున్నాను. ఇక్కడ స్టేషన్ నాదే కానీ గాలి నాది కాదు, ప్రభుత్వానిది. మేం అందులో అద్దెకున్నవాళ్లం. ఎనిమిదేళ్లకోసారి ఎఫ్.సి.సి. వాళ్లు లైసెన్స్ తిరిగి రాయాలి. మాది వచ్చే ఆగస్టుతో ముగుస్తుంది, ఏప్రిల్‌లో అప్లికేషన్ పెట్టాలి. పిల్లలకి చదువు చెప్పే కార్యక్రమాలు ఏడాదికి ఇన్ని గంటలు వేశామని వాళ్లకి చూపించాలి. వేస్తున్నంతసేపూ తెర మూలన ఇ/ఐ అని గుర్తు ఉండాలి, అంటే ఇది చదువుకి సంబంధించినదని అర్థం. మిగతావి బయట కొని వేస్తాం. కానీ మనవాళ్లు మన పిల్లల కోసం తయారు చేసింది ఒక్కటున్నా ఫైలుకి ఎంత బరువు!

ఒక చిన్న పని. ఒక తెల్ల కాగితం అడుగున సంతకం పెట్టి, దాని కింద నీ పేరు ఇంగ్లీషులో రాసి పంపు. పైన అనుమతిపత్రం టైపు చేయించుకుంటాను. కవరు అటూ ఇటూ తిరగడం దేనికి?

దీంతో పాటు ఒక ఉత్తరం పెడుతున్నాను, స్టేషన్‌కి వచ్చింది. మాయ అట, ఎనిమిదేళ్లట, మా కాపెల్ పిల్లే. చూసి నీ కళ్లు నువ్వే తుడుచుకో.

బావ
అమర్‌నాథ్

*

అల్ఫారెట్టా
జనవరి 8, 2022

బావకి,

తుడుచుకున్నాను. మొదటి ఉత్తరానికీ, డిసెంబర్‌లో నువ్వు పంపిన రెండోదానికీ కూడా. వంకర అక్షరాలతో, ఒకటి కొండెక్కి ఒకటి లోయలో పడి, "టీచర్ అమ్మమ్మా, నాకు క వచ్చింది" అని ఎంత ముద్దుగా రాసిందో. పైగా కాగితం నాలుగు మూలలా పసుపు! అత్తయ్య గుర్తొచ్చింది బావా. మంచి కబురు రాస్తే మీ అమ్మ పసుపు అద్దకుండా పోస్టు చేసేది కాదు కదా. కాపెల్‌లో పుట్టిన పిల్లకి ఇది ఎవరు నేర్పారో, వాళ్లింట్లో మంచి పెద్దవాళ్లున్నారు.

ఆరో పాఠం నుంచి నేను మాయ పేరు పెట్టి మాట్లాడుతున్నాను. "మాయా, నీ ఉత్తరం అందింది. ఈసారి ఖ రాసి చూపించు" అని. మిగతా పిల్లలు అలగరు కదా? రేణు తీస్తూ నవ్వుతుంది. మొన్న అనిక గరాజ్ తలుపు దగ్గర నిలబడి, "హూ ఈజ్ మాయ?" అంది. నా స్టూడెంట్ అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకే సిగ్గేసింది.

నువ్వడిగిన సంతకం కాగితం ఇందులో ఉంది. ఖాళీ కాగితం మీద సంతకమేమిటని రేణు కళ్లెర్రజేసింది. బావకి సంతకం పెట్టడానికి లాయర్‌ని అడగాలా అని కోప్పడ్డాను.

సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాను. ఇంటర్వ్యూకి పిలవడానికి కొన్ని నెలలు పడుతుందట. ఫారంలో ఎన్ని ప్రశ్నలో! ప్రభుత్వ అధికారులకు ఎప్పుడైనా అబద్ధపు సమాచారం గానీ కాగితం గానీ ఇచ్చారా అని ఒకటి. ప్రమాణం చేయించి మరీ అడుగుతారట. నవ్వొచ్చింది. మా హెడ్మాస్టర్ మధ్యాహ్న భోజనం కోసం రాని పిల్లల్ని వచ్చినట్టు హాజరు వేయమంటే వేయక, ఆదిలాబాద్ అడవుల్లోకి బదిలీ చేయించుకున్నదాన్ని నేను. ఆ గడిలో "నో" అని ధీమాగా టిక్కు పెట్టాను.

రాగిణి

*

కాపెల్
ఏప్రిల్ 3, 2022

మరదలికి,

పని ఒత్తిడిలో ఆలస్యమైంది, తిట్టకు. రెన్యూవల్ అప్లికేషన్ వెళ్లిపోయింది. నీ సంతకం కాగితం చాలా పనికొచ్చింది. నువ్వు మా కుటుంబంలో పుట్టడం నా అదృష్టం.

ఇప్పటిదాకా ఇరవై నాలుగు పాఠాలొచ్చాయి. ఇంకో పది పంపితే ఆగస్టు దాకా సరిపోతాయి. మాయ మూడో ఉత్తరం పెడుతున్నాను. ఈసారి బొమ్మ కూడా వేసింది, కళ్లజోడు పెట్టుకున్నది నువ్వేనట.

బావ

*

అల్ఫారెట్టా
మే 10, 2022

బావకి,

కార్డు పంపుతున్నాను, నాలుగు పాఠాలు. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, గరాజ్‌లో ఉక్క. దుప్పటి తీసేసి నిజం గోడ ముందే కూర్చుంటున్నాను.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. మొన్న శనివారం, ఏడో తారీకున, ఏ పాఠం వేశారు? ఏప్రిల్‌లో పంపిన గుణింతం పాఠంలో నా చేతిలోంచి పలక జారి పగిలింది. అది కత్తిరించారా, అలాగే వేశారా? పిల్లలు నవ్వి ఉంటారని బెంగగా ఉంది.

మాయ వాళ్ల అమ్మగారి ఫోన్ నంబర్ దొరుకుతుందా? ఒక్కసారి ఆ పిల్ల గొంతు వినాలని ఉంది.

రాగిణి

*

కాపెల్
మే 19, 2022

మరదలికి,

బెంగ దేనికి? ఏడో తారీకున వేసింది ఆ గుణింతం పాఠమే. పలక పగిలిన ముక్క మా ఎడిటర్ శుభ్రంగా కత్తిరించాడు, అతుకు కూడా తెలియలేదు. నేను కాఫీ తాగుతూ మొత్తం చూశాను. ఆదివారం గుడికి వెళ్తే ఇద్దరు తల్లులు ఆపి, "అంకుల్, శనివారం పదికి మా ఇంట్లో రిమోట్ పిల్లలదే" అన్నారు.

ప్రేక్షకుల నంబర్లు ఇవ్వకూడదు, రూల్స్ ఒప్పుకోవు. మాయకి నీ ఆశీస్సులు అందేలా చూస్తాను.

బావ

*

అల్ఫారెట్టా
జూన్ 12, 2022

అమర్‌నాథ్ గారికి,

పలక పగల్లేదు. నా దగ్గరున్నది ఒకే పలక, ఇప్పుడు నా పక్కనే బల్ల మీద ఉంది. కావాలని రాశాను. "అలాంటిదేమీ లేదే" అని మీరు రాస్తారని వారం రోజులు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరున హాసిని వాళ్ల అక్క ఇంటికి కాపెల్ వెళ్లింది. ఆంటీ షో చూడాలని ఆ పిల్ల స్టోర్‌కి వెళ్లి యాంటెన్నా కొని మరీ బిగించింది. శనివారం పది గంటలకు మీ తంగేడు టీవీలో ఎవరో ఒకాయన అంటుకోని పెనం మీద ఆమ్లెట్లు వేస్తున్నాడట. ఛానల్ తప్పు పెట్టుకున్నావేమో అన్నాను. ఇంకో వారం ఉండి, మే ఏడున మళ్లీ చూసి వీడియో తీసి పంపింది. అదే పెనం, అదే మనిషి. తెర మూలన మాత్రం ఇ/ఐ గుర్తు అలాగే ఉంది. "ఆంటీ, ఐ యామ్ సో సారీ" అని హాసిని ఏడ్చింది. ఆ పిల్ల ఎందుకు ఏడవాలి?

అప్పటికీ నమ్మలేదు. ఆ రెండు వారాలే ఏదో అడ్డం వచ్చిందనుకున్నాను. అందుకే పలక సంగతి రాశాను. మీరు కాఫీ కూడా కలిపి జవాబు పంపారు.

స్టేషన్ వాళ్లు ప్రభుత్వానికి ఇచ్చే కాగితాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చట. మీరు నాకు చెప్పని రూల్ అదొక్కటే. రేణు తెరిచి పెట్టింది. "పలకా బలపం", 2021 ఏడాది పొడవునా ప్రతి శనివారం, పది గంటలకు, ఒక్క వారం కూడా తప్పకుండా ప్రసారమైంది అని రాశారు. నేను మొదటి పాఠం పంపిందే అక్టోబర్‌లో కదా, అంతకు ముందు వారాల్లో ఏం వేశారో? దాని కింద ఇంకో కాగితం. "ఈ కార్యక్రమానికి విద్యా సలహాదారునైన నేను, ప్రతి ప్రసారాన్నీ స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను." దాని కింద నా సంతకం. నేను జన్మలో చూడని ప్రసారాన్ని చూశానని, నాకు సరిగా రాని ఇంగ్లీషులో, నా చేతి సంతకంతో.

రేణు ఆ కాగితం ప్రింటు తీసి నా ముందు పెట్టింది. తిట్టినా బాగుండేది.

తర్వాత మాయ ఉత్తరాలు మూడూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. వంకర అక్షరాల వైపు చూడలేదు, పసుపు వైపు చూశాను. నాలుగు మూలలా, బొటనవేలితో ఒక్కసారే అద్ది పక్కకి జరిపిన గుర్తు. అలా అద్దే మనుషులు ఈ లోకంలో ఇద్దరే. ఒకరు అత్తయ్య, ఆవిడ పోయి పంతొమ్మిదేళ్లయింది. నాకంత ఇష్టమైన గుర్తుని చూసి కూడా గుర్తుపట్టనంత మూర్ఖురాలిని నేను. మీరు అత్తయ్య చేతిని కూడా ఈ పనికి వాడుకున్నారు.

రాని పిల్లని వచ్చినట్టు హాజరు వేశారు. అలా వేయనందుకు అడవికి పోయినదాన్ని నేనని మీకు తెలుసు. తెలిసి నా చేతే వేయించారు.

నన్ను మోసం చేశారు. ఇంతకంటే చిన్న మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

మీ టీవీలోనే ప్రకటన వస్తోందట, ఈ లైసెన్స్ గురించి అభ్యంతరాలున్నవాళ్లు జూలై ఒకటిలోగా రాయవచ్చని. నా ఇంటర్వ్యూ ఆగస్టు పదహారున. ఆ ప్రశ్న నన్ను మళ్లీ అడుగుతారు, ఈసారి చేయెత్తించి. ఏం చెప్పమంటారు?

రాగిణి

*

కాపెల్
జూన్ 20, 2022

రాగిణీ,

"గారు" అని రాసి చంపావు. చంపు, పడాల్సిందే.

ఒక్క మాట విను. మొదటి రెండు శనివారాలు నీ పాఠాలే వేశాను. ఒట్టు. ఒక్క ఫోన్ రాలేదు. నేను పదిమందికి నేనే ఫోన్ చేసి అడిగాను. "యాంటెన్నా ఎవరి దగ్గరుంది అంకుల్, పిల్లలు యూట్యూబ్ చూస్తారు" అన్నారు. మూడో వారం ఆ పెనాలమ్మే కంపెనీ వాళ్లు డబ్బిచ్చి ప్రకటనలకి శనివారం పూటంతా తీసుకుంటామన్నారు. స్టేషన్‌లో వాటా ఉన్న నా పార్ట్‌నర్లు లైసెన్స్ పోతుందన్న భయం ఒకవైపు, కరెంట్ బిల్లు ఒకవైపు పెట్టుకుని నా ముఖం చూశారు. రెన్యూవల్ అయ్యాక అన్నీ వరసగా వేద్దామనుకున్నాను. నీ కార్డులన్నీ నా సొరుగులో ఉన్నాయి, ఒక్కటీ పారేయలేదు.

నీకు ఎలా చెప్పను? పొద్దున్నే లేవడానికి పని దొరికిందని రాశావు. ఎవరూ చూడటం లేదని రాయడానికి నా చేయి రాలేదు. అందుకే మాయ. ఎడమ చేత్తో రాశాను, ఒక్కో ఉత్తరానికి ఒక పూట పట్టింది. పసుపు అద్దకూడదని తెలుసు. కాగితం మడిచేటప్పుడు చేయి దానంతటదే డబ్బా వైపు పోయింది. నువ్వు సంతోషించావు కదా రాగిణీ. ఆ ఆరు నెలలు నువ్వు సంతోషించలేదా?

సంతకం విషయం పెద్దది చేయకు. దేశమంతా వందల స్టేషన్లు, ఆ కాగితాలు ఎవరు చదువుతారు? నువ్వు రాస్తేనే చదువుతారు. ఇంటర్వ్యూలో "నో" అను. అందరూ అనేది అదే. నువ్వు నోరు విప్పితే ముందు నీకే ముప్పు, తర్వాత నాకు. అరవై నాలుగేళ్ల వయసులో నాకు ఈ స్టేషన్ తప్ప ఇంకేం లేదు.

రాయడానికే నిశ్చయించుకుంటే, మాయ ఉత్తరాలు మాత్రం పంపకు. ఆఫీసులకి ఇవ్వాల్సినవి కావవి. నీ కోసం రాసినవి.

నీ బావనే, ఇప్పటికీ,
అమర్‌నాథ్

*

అల్ఫారెట్టా
ఆగస్టు 17, 2022

అమర్‌నాథ్ గారికి,

మీ ఉత్తరంలో తప్పులేమీ లేవు. ఎర్ర పెన్సిల్ తీసి కూర్చున్నాను, పని పడలేదు. అంత చక్కగా రాశారు.

సంతోషించానా అని అడిగారు. సంతోషించాను. అనిక పుట్టినప్పుడు కూడా అంత సంతోషించలేదేమో. అందుకే మిమ్మల్ని క్షమించలేకపోతున్నాను. ఎవరూ చూడటం లేదని ఒక్క వాక్యం రాసి ఉంటే రెండు రోజులు ఏడ్చి, నాలుగో వీధిలో ఉన్న తెలుగు పిల్లల్ని గరాజ్‌లో కూర్చోబెట్టి చెప్పుకునేదాన్ని. మీరు నా మీద జాలి పడ్డారు, ఆ జాలితోనే సంతకం తీసుకున్నారు. రెండింట్లో ఏది ముందు పుట్టిందో మీకే తెలియాలి.

జూన్ ఇరవై ఏడున ఎఫ్.సి.సి.కి రాశాను. రేణు ఇంగ్లీషులో పెట్టింది, ఒక్కో వాక్యం నాకు తెలుగులో వినిపించాకే సంతకం పెట్టాను. మాయ ఉత్తరాలు మూడూ జత చేశాను. నా కోసం రాసినవి అన్నారు కదా, నావే కాబట్టి ఇచ్చే హక్కు నాదే. కవరు అంటించేటప్పుడు పసుపు నా వేళ్లకి అంటింది. కడుక్కున్నాను.

వాళ్లు మీ లైసెన్స్ ఏం చేస్తారో నాకు తెలియదు. మీకు ముందే జవాబు చెప్పే అవకాశం ఇస్తారట, ఇవ్వాలి కూడా. మీ మెడ మీద కత్తి పెట్టాలని రాయలేదు. నా సంతకాన్ని నేను వెనక్కి తీసుకోవాలని రాశాను.

నిన్న ఇంటర్వ్యూ అయింది. రేణు బయట కూర్చుంది. లోపల నేనూ ఒక అధికారిణీ. చేయెత్తి ప్రమాణం చేశాను. రాజ్యాంగం గురించి అడిగినవన్నీ చెప్పాను. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. ఫారంలో "నో" అని ఉంది కదా, ఆవిడ అప్పటికే తర్వాతి గడి మీద పెన్ను పెట్టింది. నేను "ఎస్" అన్నాను.

ఆవిడ పెన్ను ఆపి తలెత్తి చూసింది. కాగితాలు తీసి ముందు పెట్టాను. ఈ సంతకం నాదే, పైన ఉన్నది నేను రాయలేదు, తెలిశాక ఈ ఉత్తరం రాశాను అని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అన్నీ చదివింది. పదిహేను నిమిషాలు పట్టింది, గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నిర్ణయం పోస్టులో వస్తుందంది. ఇస్తారో ఇవ్వరో తెలియదు. మొన్న మొన్నటి దాకా నాకు ఏ అనుమానమూ లేని దేశంలో ఇప్పుడు పోస్టు కోసం చూస్తున్నాను. ఇదీ మీరు ఇచ్చినదే.

చివర్లో ఆవిడ అడిగింది, ఖాళీ కాగితం మీద ఎవరికి సంతకం పెట్టి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని. "బావ" అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది. ఆవిడకి అర్థం కాలేదు. మా అమ్మ అన్న కొడుకు, ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే పలక మీద దిద్దుకున్నాం, అందుకే ఇచ్చాను అని చెప్పాను.

"ఓ, కజిన్" అని రాసుకుంది.

నేను దిద్దలేదు.

రాగిణి